ప్రకృతి పాఠానికి ఆర్భాటం అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

పిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పడమే వృత్తిగా పద్దెనిమిదేళ్లుగా బతుకుతున్నాను. ఈ పాఠాలు జరిగే తీరు పాఠంలోని మాటలకు విరుద్ధంగా ఉండకూడదని, మమ్మల్ని పిలిచే విద్యాసంస్థలకూ పిల్లల తల్లిదండ్రులకూ మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక పాఠశాలలో ప్లాస్టిక్ వ్యర్థాల గురించి మాట్లాడుతుండగా, తొమ్మిదేళ్లుంటాయేమో, ఒక పాప లేచి నా వెనక కట్టిన పెద్ద ప్లాస్టిక్ బ్యానరు చూపించి, "ఇది రేపు ఏమవుతుంది?" అని అడిగింది. నా పేరు, ఆనాటి తేదీ అచ్చువేసిన ఆ బ్యానరు మర్నాటికి ఎందుకూ పనికిరాదు. నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటినుంచి నన్ను పిలిచేవారికి ముందే ఉత్తరం రాస్తున్నాను: బ్యానరు వద్దు, జ్ఞాపిక వద్దు, నీళ్ల సీసాలు వద్దు, నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తే చాలు.

నా సొంత బతుకులోనూ ఈ లెక్క తప్పదు. పది రెట్లు పెద్దదిగా చూపే ఒక భూతద్దం, రెండుసార్లు బాగుచేయించిన బైనాక్యులర్లు, ఒక పక్క ఖాళీగా ఉన్న పాత కాగితాలతో కుట్టుకున్న పుస్తకం, ఇవే నా పనిముట్లు. పాలిస్టర్ లాంటి కృత్రిమ దారాల బట్టలను ఉతికిన ప్రతిసారీ సన్నని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయని తెలిశాక కొత్తవి కొనడం మానేశాను. ఉన్నవాటిని మాత్రం చిరిగేదాకా వాడుతున్నాను, ఎందుకంటే పనికొచ్చే వస్తువును పారేసి దాని స్థానంలో "పర్యావరణ హితం" అని రాసి ఉన్న కొత్త వస్తువును కొనడం కూడా వృథాయే. ఇవన్నీ చిన్నవి, నా వృత్తిలో పెద్ద భారం ప్రయాణాలదే. ఒక్క గంట పాఠానికి రోజంతా కారులో తిరిగిన సందర్భాలున్నాయి. సరైన విధానాలు, సదుపాయాలు, సాంకేతికత తోడైతే జీవనశైలిలో మార్పుల వల్ల 2050 నాటికి భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాలను 40 నుంచి 70 శాతం వరకు తగ్గించవచ్చని ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం) 2022 నివేదిక చెప్పింది. నేను గమనించమని కోరేది ఆ "తోడైతే" అన్న మాటను. నడిచి వెళ్లగలిగిన చోట పని ఉంటేనే బోధకుడు నడవగలడు.

అందుకే దూరపు అడవికి ఏడాదికొక విహారయాత్ర కన్నా, బడికి నడక దూరంలో ఉన్న ఒకే చెట్టు దగ్గరికి ఏడాది పొడవునా నెలకోసారి వెళ్లడం మేలని నా అనుభవం చెబుతోంది. మొదటి నెలలో పిల్లలకు చెట్టు తప్ప ఏమీ కనిపించదు. మూడో నెలకు లేత కొమ్మమీద రసం పీల్చే పేనుబంక పురుగులు, వాటినుంచి ఊరే తీపి ద్రవం కోసం వచ్చి వాటికి కాపలా కాసే చీమలు కనిపిస్తాయి. ఆకు పండే కాలంలో నేను తప్పకుండా చెప్పే విషయం ఒకటుంది. రాలబోయే ఆకులోని నత్రజనిలో దాదాపు సగాన్ని చెట్టు ముందే వెనక్కి తీసుకుని కొమ్మల్లో దాచుకుంటుంది, మిగిలింది నేలమీద శిలీంధ్రాలకూ వానపాములకూ ఆహారమై మళ్లీ వేళ్లకు చేరుతుంది. ఆ మాట విన్న పిల్లలు ఎండుటాకుల కుప్పకు నిప్పు పెడుతున్న పెద్దలను వెళ్లి ఆపడం నేను చూశాను. పొదుపు గురించి నేను వేరే ఉపన్యాసం ఇవ్వనక్కర్లేకపోయింది. (ఏ మొక్క ఎక్కడిదో ఆలోచించకుండా విత్తనాలు చల్లించి ఫొటోలు తీసే కార్యక్రమాల మీద నాకు నమ్మకం లేదు. మొలిచిందో లేదో చూడటానికి పిల్లలను మళ్లీ అక్కడికి తీసుకెళ్లేవారు అరుదు.)

1977లో జార్జియా రాజధాని టిబిలిసీలో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి నిర్వహించిన సదస్సు పర్యావరణ విద్యకు అవగాహన, జ్ఞానం, దృక్పథం, నైపుణ్యం, భాగస్వామ్యం అనే లక్ష్యాలను నిర్దేశించింది. వీటిలో మొదటి రెండూ ఒక్కరోజు కార్యక్రమంతో కొంతవరకైనా అందవచ్చు గాని, మిగిలిన మూడింటికీ ఒకే చోటికి పదేపదే వెళ్లక తప్పదు.

చివరగా, రాయడానికి కొంత సంకోచించిన విషయం ఒకటి. "మీరు నిరాడంబరంగా బతుకుతారు కదా, డబ్బుతో మీకేం పని?" అంటూ ఒక సంస్థ నాకు మూడు నెలల పారితోషికం ఎగ్గొట్టింది. నిరాడంబరత నేను ఎంచుకున్నది. లేమి మరొకరు నా మీద రుద్దేది. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లనే, ఈ పనిమీద నిజమైన ఇష్టంతో వచ్చిన యువతీయువకులు రెండు మూడేళ్లు తిరగకుండానే ఇల్లు గడవక వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతున్నారు. తక్కువ వస్తువులతో బతికేవారికి కూడా అద్దె కట్టాల్సి ఉంటుంది, జబ్బు చేస్తే మందులు కొనాల్సి ఉంటుంది.

బ్యానర్లకూ, జ్ఞాపికలకూ, దూరపు బస్సులకూ పెట్టే ఖర్చును పక్కన పెడితే, దగ్గరలో ఉండే ఒక బోధకుడికో బోధకురాలికో ఏడాది పొడవునా నెలనెలా సకాలంలో జీతం ఇవ్వడం చాలా పాఠశాలలకు సాధ్యమేనని నేను నమ్ముతున్నాను. వచ్చే విద్యాసంవత్సరపు ప్రణాళిక వేసుకునేటప్పుడు ఈ ఒక్క లెక్క వేసి చూడమని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రకృతి బోధకుడు