ఐఈఎల్‌టీఎస్ (విదేశీ యూనివర్సిటీలు అడిగే ఇంగ్లీష్ పరీక్ష) రాసేవాళ్ళు ఒకసారి చదవండి

ఫ్రెండ్స్, ఫాల్‌కి (ఆగస్టు-సెప్టెంబర్‌లో మొదలయ్యే సెమిస్టర్‌కి) అప్లై చేసేవాళ్ళు ఓవరాల్ స్కోర్ ఎంతొచ్చింది అనేదొక్కటే చూసి ఆగిపోవద్దు ప్లీజ్, చాలా యూనివర్సిటీలు ఓవరాల్ 6.5 అని చెప్పి పక్కనే ఏ సెక్షన్‌లోనూ 6 కంటే తగ్గకూడదు అని పెడతాయి, అది చూసుకోకపోతే రైటింగ్‌లో 5.5 వచ్చి అక్కడే ఆగిపోతుంది. మనవాళ్ళకి ఎక్కువ దెబ్బ పడేది రైటింగ్‌లోనే అని నాకనిపిస్తుంది. గంట టైమ్‌లో మొదటిది (గ్రాఫ్ లాంటిది చూసి రాసేది) కనీసం 150 పదాలు, రెండోది (ఎస్సే) కనీసం 250 పదాలు రాయాలి, మార్కుల్లో రెండోదానికి డబుల్ వెయిటేజ్, కాబట్టి గ్రాఫ్ దగ్గరే అరగంట కూర్చోకండి, 20 నిమిషాల్లో వదిలేసి ఎస్సేకి వెళ్ళిపోండి. కోచింగ్‌లో ఇచ్చే రెడీమేడ్ ఎస్సేలు బట్టీ పట్టొద్దు, ఎగ్జామినర్ ఇట్టే పట్టేస్తారు.

లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వస్తుంది, స్పెల్లింగ్ తప్పైతే ఆ మార్కు పోయినట్టే. కంప్యూటర్ మీద రాసేవాళ్ళకి పేపర్ మీద రాసే పరీక్షలో ఆన్సర్లు షీట్‌లోకి ఎక్కించుకోడానికి ఇచ్చినట్టు చివర్లో 10 నిమిషాలు ఉండవు, చెక్ చేసుకోడానికి 2 నిమిషాలే, ఆన్సర్లు వింటూనే టైప్ చేసేయాలి.

స్కోర్ రెండేళ్ళే చెల్లుతుంది, పాత స్కోర్ ఉన్నవాళ్ళు డేట్ చూసుకోండి. పాస్‌పోర్ట్ లేకుండా స్లాట్ బుక్ చేయొద్దు. రైటింగ్ ప్రాక్టీస్ ఎస్సే ఎవరైనా ఇక్కడ పెడితే నేను తప్పకుండా చూస్తాను, మొహమాటపడకండి.