ముక్క మానేసిన అమ్మణ్ణికి

కావలి,
ఆదివారం

అమ్మణ్ణీ,

ముక్క మానేశానని నువ్వు ఫోన్లో చెప్పిన మాట నాయనకు చెప్పాను. "తినకపోతే మాననీ, దాని ఇష్టం" అన్నాడు. అవ్వ మాత్రం ఊరుకోలేదు. ముక్క లేకుండా పరిగెత్తే సత్తువ ఎక్కడినుంచి వస్తుందని ఒకటే గోల. ఈరోజు బొమ్మిడాయల పులుసు పెట్టి, నీ పేరు చెప్పి కాసేపు సణిగి, తనే రెండోసారి వడ్డించుకుంది.

ప్రాణం తీసి తినబుద్ధి కావట్లేదన్నావు. దాని మీద నీతో వాదన పెట్టుకోను. ఫోన్లో అయితే సగం మాట కాకముందే నీకు ప్రాక్టీసు టైం అయిపోతుంది, అందుకే రాస్తున్నా.

అవ్వ భయం ఉత్తదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన ఆస్ట్రేలియా ఈతగాడు ముర్రే రోజ్ శాకాహారి. 1991లో టోక్యోలో వంద మీటర్లు 9.86 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టిన కార్ల్ లూయిస్ అప్పటికి పాలు, గుడ్లు కూడా మానేసి ఉన్నాడు. కానీ వాళ్ళ పేర్లు చెప్పి నువ్వు ధీమాగా ఉంటానంటే ఒప్పుకోను. వాళ్ళు హాస్టల్ సాంబారన్నం తిని పరిగెత్తలేదు.

ఆ మాటకొస్తే మనం మాత్రం తిన్నదెంత? ఆదివారం ఒక పూట కోడికూర, మధ్యలో ఎప్పుడైనా చేపలు. మిగతా వారమంతా అన్నమే. మా ఆరోగ్య సబ్‌సెంటర్లో నేను రక్తపరీక్ష చేస్తుంటే, ముక్క తినే ఇళ్ళ ఆడపిల్లలకూ హిమోగ్లోబిన్ తక్కువే వస్తుంటుంది. ముక్క మానినందుకు కాదు నా టెన్షన్, దాని బదులు కంచంలోకి ఏమీ రానందుకు.

ముందు ఐరన్ సంగతి. నీ వయసు ఆడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టింది. మగవాళ్ళకు 19 చాలు. నీకు నెలనెలా పోయేది ఉంది, చెమటలో పోయేది ఉంది. దూరం పరిగెత్తేవాళ్ళకు పాదం నేలకు కొట్టుకున్న ప్రతిసారీ కొన్ని ఎర్రకణాలు చితికిపోతుంటాయి కూడా. మాంసం, చేపల్లోని ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది. ఆకుకూరలు, పప్పుల్లోది కొంచెమే పడుతుంది. అందులోనూ ఉప్మా తిన్న వెంటనే టీ తాగితే ఆ కొంచెమూ పోతుంది. టీకీ తిండికీ కనీసం గంట ఎడం పెట్టు. టీ బదులు నిమ్మకాయ పట్టుకో, అందులోని సి విటమిన్ వల్ల ఆకుకూరల ఐరన్ బాగా పడుతుంది. పొదలకూరు నుంచి లారీలకు లారీలు నిమ్మకాయలు పోయే జిల్లాలో పుట్టి నువ్వు దానికి కరువు పడకూడదు. తోటకూర పప్పులో, మొలకల్లో తినే ముందు పిండుకో. పొయ్యి మీద ఉండగా పిండితే సి విటమిన్ కొంత వేడికే పోతుంది. ఇంకో సంగతి, గట్టిగా పరిగెత్తిన వెంటనే కాదు గానీ, మూడో గంట నుంచి ఆరో గంట దాకా పేగులు ఐరన్‌ని సరిగా తీసుకోవు. కాబట్టి ప్రాక్టీసు అయిన వెంటనే పొద్దున టిఫిన్లోనే ఆ తిండి పడాలి, మధ్యాహ్నానికి వాయిదా వేయొద్దు.

మీ కోచ్ హిమోగ్లోబిన్ 12 దాటింది, బాగానే ఉందన్నారట. హిమోగ్లోబిన్ కుండలో ఉన్న అన్నం, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ గాదెలో ఉన్న ధాన్యం. గాదె ఖాళీ అయ్యాక కూడా కొన్నాళ్ళు కుండ నిండుగానే కనిపిస్తుంది. నువ్వు చివరి రౌండ్లో కాళ్ళు బరువెక్కుతున్నాయని చెప్పినప్పటి నుంచి నా అనుమానం అదే. ఫెరిటిన్ చేయించుకో. 15 కంటే తక్కువైతే నిల్వలు అయిపోయినట్టే. పరుగు పిల్లలకు 30 పైనే ఉండాలని చూసే డాక్టర్లు చాలామంది. జ్వరం, జలుబు ఉన్నప్పుడు మాత్రం చేయించుకోవద్దు, అంకె ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది. స్నేహితురాలు వేసుకుంటోందని ఐరన్ మాత్రలు నువ్వూ మింగకు.

బి12 దగ్గర మాత్రం బేరం లేదు. అది ఏ ఆకులోనూ, ఏ పప్పులోనూ లేదు. స్పిరులినాలో ఉందని అమ్ముతారు గానీ అందులో ఉన్నది మన ఒంటికి పనికొచ్చే రకం కాదు. పాలు, పెరుగు, గుడ్డు ఉంచుకుంటే ఎంతో కొంత వస్తుంది. అవీ మానేస్తే డాక్టర్ని అడిగి మాత్ర వేసుకోవాల్సిందే. కాలేయంలో ఏళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి ఇవాళ మానితే రేపే ఏమీ తెలియదు. తెలిసేసరికి అరికాళ్ళు తిమ్మిరెక్కడం, నాలుక ఎర్రబడి మండడం మొదలవుతాయి. ఉత్త ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే రక్తం సర్దుకున్నట్టే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

ప్రొటీన్ గురించి ఎక్కువ చెప్పను, డబ్బాల పొడి అక్కర్లేదు. నీ యాభై కిలోలకు రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా చూసుకో. గరిటెడు పప్పులో ఐదారు గ్రాములే ఉంటుంది, సాంబారులో ఇంకా తక్కువ. గుప్పెడు వేరుశనగలు, ఉడికించిన శనగలు, మీల్‌మేకర్, పెద్ద గిన్నెడు పెరుగు కలిస్తే లెక్క తేలుతుంది. గుడ్డు తింటావో మానతావో నువ్వే తేల్చుకో, నేనైతే తినమనే అంటాను.

ఇది సిగ్గుపడకుండా చెప్పు. నెల సరిగా వస్తోందా? కూరలు, పప్పులతో కడుపు తొందరగా నిండిపోతుంది గానీ, నువ్వు పరిగెత్తే దూరానికి సరిపడా శక్తి రాదు. అలా తక్కువ పడితే ఒళ్ళు ముందు నెలసరిని ఆపేస్తుంది, ఆనక ఎముకల మీద పడుతుంది. ఆగిపోతే పరుగు బాగా సాగుతోందనడానికి గుర్తు అని మీ సీనియర్లు ఎవరైనా చెబితే నమ్మొద్దు, నాకు ఫోన్ చెయ్.

మామ బుధవారం అటు వస్తున్నాడు. రాగిపిండి, వేయించిన వేరుశనగలు, నువ్వుండలు ఇచ్చి పంపుతున్నా. నువ్వుండలు రూములో అందరికీ పంచేసి కూర్చోకు. రిపోర్టు రాగానే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. బాగుందమ్మా అని నోటితో చెబితే కుదరదు, నాకు అంకెలు కావాలి.

మీ అమ్మ