‘వాజ్’ పక్కన ‘వర్’ ఎందుకుంది?

సంపాదకులకు నమస్కారం.

పదాల పుట్టుక మీద పత్రికల్లో వచ్చే రాతల్లో రెండు మాటలు తరచు కనిపిస్తాయి. ఇంగ్లీషు ‘వాజ్, వర్’ (was, were) జంటకు నియమమేదీ లేదన్నది ఒకటి, ఆ ‘వాజ్’ మన ‘వసతి’ నుంచే పుట్టిందన్నది మరొకటి. రెండూ పొరపాటే.

వసతి, నివాసం అనే మాటల్లో ఉన్నది సంస్కృత ధాతువు ‘వస్’. దానికి దీటుగా ఇంగ్లీషు, జర్మన్, డచ్చి భాషల ఉమ్మడి తల్లి అయిన ప్రాచీన జర్మానిక్‌లో *వెసనఁ అనే క్రియ ఉండేది. ఇవి తల్లీబిడ్డలు కావు, తోబుట్టువులు. రెంటికీ మూలమైన ఇండో-యూరోపియన్ ధాతువుకు బస చేయడం, రాత్రి గడపడం అని అర్థం. జర్మానిక్‌లో అది ‘ఉండడం’గా స్థిరపడింది. ‘ఆయన ఎక్కడ ఉంటారు?’ అన్నప్పుడు మనం అడిగేదీ నివాసం గురించే కదా!

అసలు విశేషం భూతకాలంలో ఉంది. ఏకవచనం *వస్, బహువచనం *వేజున్. ఈ ‘జ’ను ‘జూ పార్కు’లో పలికినట్టు పలకాలి. ఒకే ధాతువులో ఒకచోట స, ఒకచోట జ ఎందుకొచ్చాయి? డెన్మార్కు పండితుడు కార్ల్ వెర్నర్ 1875లో రాసిన వ్యాసంలో ఈ మార్పుకు కారణం చూపాడు. ముందున్న అచ్చు మీద ఉదాత్తం, అంటే స్వరాన్ని పైకెత్తి పలికే ఊనిక, లేకపోతే, అచ్చుల నడుమ స కాస్తా జ అవుతుంది. ఆ ఉదాత్తం చోటు సంస్కృతంలో ఇప్పటికీ తెలుస్తుంది: ‘ఉవాస’ (నివసించాడు)లో ‘వా’ మీద, ‘ఊషుః’ (నివసించారు)లో చివరి అక్షరం మీద. జర్మానిక్‌లో ఆ తర్వాత ఊనిక మొదటి అక్షరానికి జరిగిపోయింది. కారణం చెరిగిపోయింది, జ మాత్రం మిగిలింది. జర్మానిక్ పశ్చిమ, ఉత్తర శాఖల్లో అదే ర అయింది; ఇంగ్లీషు పశ్చిమ శాఖది. ‘వర్’ అక్కడి నుంచి వచ్చింది.

చాలామంది తడబడేది ఇక్కడే. నేటి ‘వాజ్’ చివర వినిపించే జ వెర్నర్ చెప్పిన జ కాదు. పాత ఇంగ్లీషులో అక్కడ స పలికేవారు, అది జగా మారింది చాలా తర్వాత.

ఒక్క భాషనే చూసినా మోసపోతాం. జర్మానిక్ కుటుంబంలోనే అంతరించిపోయిన గోథిక్‌లో ‘వస్, వేసుమ్’, అంతటా స. నేటి జర్మన్‌లో ‘వార్, వారెన్’, అంతటా ర. రెండూ చెరో వైపుకు సమం చేసుకున్నాయి. ఇంగ్లీషు, డచ్చి పాత తేడాను నిలుపుకున్నాయి.

ఇక ఇదే ‘ఉండడం’ అర్థంలో ప్రాచీన జర్మానిక్ వర్తమాన కాలంలో వాడిన *ఇమ్మి, *ఇస్తి, *సింది వేరే ధాతువువి. అవి మన అస్మి, అస్తి, సంతిలకు తోబుట్టువులు.

ఇలాంటి రూపాల ముందు నక్షత్రం గుర్తును దయచేసి తీసేయకండి. ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదని, పోల్చి కట్టినదని దాని అర్థం. అది లేకుండా అచ్చువేస్తే *వేజున్‌ను ఏదో శాసనంలో చదివారని పాఠకులు అనుకుంటారు.

— భాషాశాస్త్రం చదువుకున్న ఒక పాఠకుడు