మా బిల్లు మీద ఆ లైను తీసేస్తున్నాం

మా దగ్గర బండలు తీసుకునే అందరికీ నమస్కారం.

రెండేళ్ల కిందట షెడ్డు మీద సోలార్ పలకలు వేయించినప్పుడు ఆ ఉత్సాహంలో బిల్లు బుక్కుల అడుగున ఒక లైను అచ్చేయించాను: "కార్బన్ లేని కడప బండ". చాలామంది మెచ్చుకున్నారు. కానీ అది తప్పు. అబద్ధం చెప్పాలని వేయలేదు, లెక్క తెలియక వేశాను. ఇకమీద ఆ లైను ఉండదు.

ఎర్రగుంట్లలోని మా పాలిష్ ఫ్యాక్టరీ సరుకులో కొంత, చెన్నైలోని ఒక ఎగుమతిదారు ద్వారా యూరప్ పోతుంది. ఈ ఏడాది అక్కడి కొనుగోలుదారు ఒక ఫారం పంపాడు. చదరపు అడుగు బండకు ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో రాయమన్నాడు. తాను వేసుకున్న అంచనా కూడా పక్కనే పెట్టాడు. అది చూసి నాకు కళ్లు తిరిగాయి. మేం బండలు కోస్తున్నామా, సిమెంటు కాలుస్తున్నామా అనిపించింది. తర్వాత తెలిసింది, మాకు వేసింది నిజంగానే సిమెంటుతో కలిపిన లెక్క అని!

ఎకనామిక్స్ చదివే మా అమ్మాయి కూర్చోబెట్టి చెప్పింది. ఏ దేశమైనా ఐక్యరాజ్యసమితికి ఇచ్చే లెక్కలో తన గడ్డ మీద లేచిన పొగే ఉంటుంది. మన బండ యూరప్‌లో ఎవరింట్లోనో పరుచుకుంటుంది, దాని కోసం మండిన బొగ్గు, డీజిల్ మాత్రం మన దేశం ఖాతాలో పడతాయి. సొగసు అక్కడ, పొగ ఇక్కడ. అటునుంచీ అంతే. ప్రొద్దుటూరులో ఒకాయన ఇంటికి ఇటలీ మార్బుల్ వేయించుకుంటే, దాన్ని గనిలోంచి తీసిన పొగ ఇటలీ ఖాతాలోనే ఉంటుంది. మధ్యలో సముద్రం దాటించిన ఓడ పొగ ఏ దేశం మొత్తంలోనూ కలవదు, దాన్ని విడిగా రాస్తారు.

ఇది చిన్న సంగతి కాదు. గ్లెన్ పీటర్స్ అనే వాతావరణ పరిశోధకుడి బృందం 2011లో వేసిన లెక్క ప్రకారం, ఇలా సరుకుల్లో దాగి సరిహద్దులు దాటిన కార్బన్ డయాక్సైడ్ 1990లో 430 కోట్ల టన్నులు, 2008లో 780 కోట్ల టన్నులు. అంటే ఆ ఏడాది ప్రపంచం మొత్తం వదిలినదాంట్లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువే. మన దేశం దిగుమతుల్లో తెచ్చుకునే దానికంటే ఎగుమతుల్లో పంపేదే ఎక్కువ.

దీన్ని ఎలా కొలుస్తారో వింటే నాకు మా ఖాతా పుస్తకమే గుర్తొచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ కరెంటు కొంటుంది. కరెంటు కంపెనీ బొగ్గు కొంటుంది. బొగ్గు గని మళ్లీ ఉక్కు కొంటుంది. ఒకదాని వెనకాల ఒకటి పట్టుకుని పోతే ఈ గొలుసుకు అంతుండదు. వాసిలీ లియోంటిఫ్ అనే ఆర్థికవేత్త ఈ కొనుగోళ్లన్నిటినీ ఒకే పెద్ద పట్టికలో పెట్టాడు: ఏ పరిశ్రమ ఏ పరిశ్రమ దగ్గర ఎంత కొంటుందో అడ్డంగా, నిలువుగా. ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది ఈ పద్ధతికే. దేశాల పట్టికలన్నీ జోడించి, ఒక్కో పరిశ్రమ పొగను అందులో పెడితే, ఎవరు కొన్న సరుకు వెనక ఎక్కడి పొగ ఎంతుందో తేలుతుంది.

దేశాల మధ్య లెక్కకు ఇది మంచి పద్ధతే. మాలాంటి చిన్న ఫ్యాక్టరీకి అతికిస్తేనే చిక్కు. పరిశ్రమల అంతర్జాతీయ వర్గీకరణలో 23వ విభాగం ఒకటుంది. సిమెంటు, గాజు, టైల్స్, రాయి కోసి పాలిష్ పట్టే పని, అన్నీ అందులోనే. పట్టికలో వీటన్నిటికీ ఒకే వరుస. మాదీ సున్నపురాయే, పక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీదీ సున్నపురాయే. కానీ మేం కోస్తాం, వాళ్లు కాలుస్తారు. కాల్చినప్పుడు రాతిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. సిమెంటు పొగలో సగానికి పైగా అదే. సగటు తీస్తే ఆ పాపంలో వాటా మా నెత్తిన కూడా పడింది.

సరే, మా లెక్క మేమే ఇస్తామన్నాం. ఇక్కడే నా తప్పు. మొదట కరెంటు బిల్లు ఒక్కటే చూసి పంపాను. నెలకు 6,000 యూనిట్లు వాడతాం, 2,500 సోలార్ ఇస్తుంది. మిగతా 3,500 గ్రిడ్‌వి. యూనిట్‌కు దేశం సగటు సుమారు 0.7 కిలోలు కాబట్టి 2,450 కిలోలు. నెలకు 25,000 అడుగుల బండ తీస్తాం, అంటే అడుగుకు 0.1 కిలో. "కార్బన్ లేని" అన్న మాట అక్కడే పోయింది. తొలి తెలుగు శాసనం దొరికిన కలమళ్ల మా మండలమే, థర్మల్ ప్లాంటు ఉన్నదీ ఆ పక్కనే. రోజూ ఆ గొట్టాలు చూస్తూ కూడా ఆ లైను ఎలా అచ్చేయించానో!

చెన్నై నుంచి ఫోనొచ్చింది: "అన్నా, మీ బండ గనిలోంచి ఎగురుకుంటూ వస్తుందా?"

నిజమే. గనిలో మిషన్ల డీజిల్, బండ తెచ్చే ట్రాక్టర్లు, మా జనరేటరు అన్నీ కలిపితే నెలకు 750 లీటర్లు. లీటరుకు 2.7 కిలోల లెక్కన 2,000 కిలోలు దాటింది. కరెంటుతో కలిపి అడుగుకు 0.18 అయింది. చెన్నై రేవుకు సుమారు 300 కిలోమీటర్లు. లారీ ఖాళీగా తిరిగొస్తే ఇంకో 0.08. మొత్తం 0.26. కోత బ్లేడ్లు, పాలిష్ రాళ్లు ఇందులో లేవు. అవి తయారుచేసేవాళ్లు ఇంకా లెక్క పంపలేదు, వస్తే కలుపుతాం.

ఇక రేట్ల సంగతి. "యూరప్ కార్బన్ టాక్స్ వేసిందట, బండ రేటు పెరుగుతుందట కదా" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. పెరగదు. 2026 జనవరి 1 నుంచి పూర్తిగా అమలైన ఆ నిబంధన సిమెంటు, ఇనుము-ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు, ఈ ఆరింటికే. కోసిన రాయికి వర్తించదు. మా కొనుగోలుదారు అడిగింది తన సొంత లెక్కల కోసం. ఆ పేరు చెప్పి ఎవరైనా అడుగుకు రెండు రూపాయలు ఎక్కువ అడిగితే ఇవ్వొద్దు, అది మేమైనా సరే.

కొత్త బిల్లుల మీద ఫ్యాక్టరీ గేటు దాకా అయ్యే 0.18 కిలోలు అని ఉంటుంది. లారీ దూరం మీ ఊరిని బట్టి మారుతుంది, అడిగితే లెక్క వేసిస్తాం. పాత బిల్లు బుక్కులు ఇంకా పదకొండు మిగిలాయి. పారేయడానికి మనసొప్పక, ఆ లైను మీద పెన్నుతో గీత కొట్టి వాడుతున్నాం.