నోటుపుస్తకం చివరి పేజీ కోసం నిలబడ్డ వాళ్ళందరికీ

గత ఆదివారం సాయంత్రం విజయవాడ తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో నేను తరంగం చేశాను. ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు మోపి, పళ్ళెంతో సహా వేదికంతా కదులుతూ, తాళం తప్పకుండా ఆడాల్సిన అంశం అది. కూచిపూడి నేర్చుకునే ప్రతి అమ్మాయీ ఎప్పటికైనా చేయాలని కోరుకుంటుంది. నాకు ఐదో తరగతి నుంచి టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవని రకం షుగర్ ఉంది. అందుకని ప్రోగ్రాం అయ్యాక చాలామంది నా దగ్గరికి వచ్చి "ఎంత పట్టుదలమ్మా నీది" అన్నారు. సంతోషం. కానీ ఆ మెప్పులో పెద్ద వాటా వేరే వాళ్ళది. వాళ్ళలో కొందరు ఆ రోజు రాలేకపోయారు కూడా. పేర్లు రాయొద్దని ఇద్దరు ముగ్గురు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేర్లూ పెట్టడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్ళకి తెలిసిపోతుంది.

మొట్టమొదటి నమస్కారం సూర్యారావుపేటలో మా డాక్టరుగారి దగ్గర పనిచేసే డయాబెటిస్ ఎడ్యుకేటర్ మేడమ్‌కి. డిగ్రీలో ఉన్నప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అప్పటిదాకా షుగర్ అంటే నాకు తెలిసింది ఏది తినకూడదు, ఎక్కడికి వెళ్ళకూడదు, ఏం చేయకూడదు అన్నదే. బంధువులు ఎవరు కలిసినా ఆ జాబితాకి ఇంకో రెండు కలిపి వెళ్ళేవాళ్ళు. ఈ మేడమ్ నా రీడింగుల పుస్తకం తిరగేసి, మూసి పక్కన పెట్టి, "నువ్వు ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?" అని అడిగారు. "మూడు నెలల షుగర్ ఏడు కిందకి తెస్తాను మేడమ్" అన్నాను. "సరే, తెచ్చి ఏం చేస్తావు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ పుస్తకం చివరి పేజీ తెరిచి పెన్ను నా చేతికిచ్చారు. తరంగం చేయాలి అని రాశాను. అమ్మని కాశీ తీసుకెళ్ళాలి. పిల్లలకి డ్యాన్స్ క్లాసు పెట్టాలి. బిడ్డని కనాలి. ఈ నాలుగోది రాసి కొట్టేశాను. ఆవిడ చూసి, ఏమీ అనకుండా, దాని కింద తన చేత్తో మళ్ళీ రాసి పుస్తకం నాకిచ్చేశారు.

ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా ముందు చివరి పేజీ చూసేవారు, ఆ తర్వాతే రీడింగులు. నేను ఏడు కిందకి తెస్తానన్నది హెచ్‌బీఏ1సీ, అంటే గడచిన రెండు మూడు నెలల షుగర్ సగటు. ఎంతోమంది దాన్ని పరీక్షలో మార్కుల్లా చూస్తారు, మార్కులు తక్కువొచ్చిన పిల్లని తిట్టినట్టు తిడతారు. మేడమ్ లెక్క వేరు. పళ్ళెం మీద నిలబడాలంటే పాదాలకి స్పర్శ ఉండాలి, స్పర్శ ఉండాలంటే నరాలు పాడవకూడదు, నరాలు పాడవకూడదంటే షుగర్ ఏళ్ళ తరబడి అదుపులో ఉండాలి. ఆవిడ ఆ వరసలో చెప్పాక సూది గుచ్చుకోవడం నాకు శిక్షగా అనిపించలేదు. తరంగం కోసం చేసే సాధనలో అది కూడా ఒక భాగం అయింది.

మా డాక్టరుగారికి కృతజ్ఞతలు ఎలా చెప్పాలో తెలియడం లేదు. షుగర్ ఉన్న అమ్మాయి చెప్పులు లేకుండా గంటల తరబడి ఆడుతుందంటే, అదీ పళ్ళెం అంచు మీదంటే, మానేయమనడం ఏ డాక్టరుకైనా తేలిక. ఆయన మానేయమనలేదు. ఏటా నన్ను కళ్ళు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ దారంతో అరికాళ్ళలో అక్కడక్కడా తాకి, ఎక్కడ తెలుస్తోందో చెప్పమంటారు. అన్ని చోట్లా తెలిసినంతకాలం పళ్ళెం ఎక్కొచ్చు అన్నారు. ప్రాక్టీసుకి ముందూ వెనకా అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకోవాలి. పొక్కు కనబడితే అది మానేదాకా ఆడకూడదు. కాయ కాస్తే బ్లేడుతో గీసుకోకూడదు. ఎండాకాలం డాబా మీద ప్రాక్టీసు అసలే వద్దు. మన బెజవాడ ఎండలో కాలిన నేల మీద, స్పర్శ తగ్గిన పాదానికి చర్మం ఊడేదాకా నొప్పి తెలియకపోవచ్చు. గుడికి చెప్పులు లేకుండా నడిచే మన పెద్దవాళ్ళందరికీ ఈ మాట చేరాలని నా కోరిక.

ఇంకో సంగతి ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. ప్రాక్టీసు ఉన్న రోజు తొడకి ఇన్సులిన్ తీసుకోకూడదట. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమలో, తొడ కండరాలకే ఎక్కువ పని. అక్కడ తీసుకున్న మందు తొందరగా రక్తంలో కలిసి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. అప్పటి నుంచి పొట్టకే తీసుకుంటున్నాను. మొదలుపెట్టే ముందు 90 కన్నా తక్కువుంటే ఏదైనా తినాలి. 250 దాటితే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూసుకోవాలి, అవి ఉంటే ఆ పూట గజ్జెలు కట్టకూడదు.

ప్రోగ్రాం రోజు షుగర్ పడిపోతుందేమోనని ఇంట్లో అందరికీ భయం. కానీ అది పెరిగింది. మేకప్ వేసుకునేసరికి 240. ఇలా అవుతుందని డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు. టెన్షన్ పడితే అడ్రినలిన్ లాంటి హార్మోన్లు వచ్చి కాలేయం దాచుకున్న చక్కెరని వదులుతుంది. దాన్ని దించాలని మామూలు లెక్క ప్రకారం ఇన్సులిన్ మొత్తం తీసుకుంటే, టెన్షన్ తగ్గి ఆట ఊపందుకున్న సమయానికి షుగర్ జారిపోతుంది. అందుకే నాకు సగమే తీసుకోమన్నారు. ఇది నా శరీరం చూసి ఆయన కట్టిన లెక్క, ఎవరి లెక్క వాళ్ళ డాక్టరే కట్టాలి. ఆ సాయంత్రం ఆయన క్లినిక్‌లో పేషెంట్లని చూస్తూనే ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నారట. కాంపౌండరుగారు చెబితే తెలిసింది.

సత్యనారాయణపురంలోని మా గురువుగారు. జతి మధ్యలో శిష్యురాలు ఆగిపోవడం క్లాసులో ఎంత పెద్ద తప్పో నాట్యం తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. షుగర్ తగ్గుతుంటే నాకు ముందు వేళ్ళు వణుకుతాయి, తర్వాత మాట ముద్దగా వస్తుంది. అందరి ముందూ ఆగి "నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని చెప్పాలంటే సిగ్గుగా ఉండేది. గురువుగారు అది కనిపెట్టి, "నోటితో చెప్పొద్దు, కుడి చేత్తో పతాక ముద్ర పట్టి పైకెత్తు, చాలు" అన్నారు. అంతటితో ఆగలేదు. తాను తాళాలు వాయిస్తూ ఆడించే నట్టువాంగం పీట పక్కనే పంచదార సీసా పెట్టించారు. క్లాసులో చిన్నపిల్లలకి కూడా నేర్పించారు: అక్క చెయ్యెత్తితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వాలి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ షుగర్ చూడమనాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ ఇవ్వాలి, స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. రెండో తరగతి పాప ఇదంతా నాట్యంలో అడుగుల పాఠంలా గడగడా అప్పజెబుతుంది. ఎంతమంది టీచర్లు తమ క్లాసులో ఒక్క పిల్ల కోసం ఇంత చేస్తారు?

మా డ్రెస్సు కుట్టిన దర్జీ మావయ్యగారికి వందనాలు. నా చేతికి సెన్సర్ ఉంటుంది. రెండు వారాలకొకసారి మార్చుకోవాలి. అది చర్మం కింద ఉండే ద్రవంలో గ్లూకోజు కొలుస్తుంది కాబట్టి రక్తంలో షుగర్ కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది. దాని మీద ఒత్తిడి పడితే షుగర్ పడిపోకపోయినా పడిపోయినట్టు చూపిస్తుంది. సరిగ్గా అక్కడే వంకీ వస్తుంది. ఇది చెబితే ఆయన విసుక్కోలేదు. నన్ను అరమండిలో నిలబెట్టి, చేతులు చాపించి, వంకీ ఎక్కడ పడుతుందో చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుని, సెన్సర్‌కి పైన ఆనేలా జాకెట్టు చేతికే వంకీ కుట్టేశారు. నేను అడక్కుండానే నడుము పట్టీ లోపల చిన్న జేబు కూడా పెట్టి, "అందులో గ్లూకోజు బిళ్ళలు పెట్టుకో తల్లీ, బయటికి కనబడవు" అన్నారు. ఆయన భార్యకి కూడా షుగరేనని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు సింగ్‌నగర్ సంగతి రాయాలి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు మా వీధిలోకి వచ్చేసరికి మేం ఇంకా టిఫిన్ కూడా చేయలేదు. నీళ్ళు చూస్తుండగానే గడప దాటాయి, ఫ్రిజ్ తేలింది. మా ఆయన చేతికందిన మందుల సంచీ నెత్తి మీద పెట్టుకుని, నన్ను పట్టుకుని మెట్లెక్కించారు. పై వాటా పిన్నిగారి ఇంట్లో ఆ రోజుల్లో వాళ్ళు నలుగురు, మేమిద్దరం, వెనక వీధి నుంచి వచ్చిన ఇంకో కుటుంబం. కరెంటు లేదు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను 30 డిగ్రీలు దాటకుండా ఉంటే దాదాపు నాలుగు వారాలు పాడవదని నాకు తెలుసు. ఆ మాట చెప్పగానే పిన్నిగారు తాగే నీళ్ళు తీసేసి కుండ ఖాళీ చేసి, అందులో మందు పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టారు. తాగడానికే నీళ్ళు లేని ఇంట్లో ఆ గుడ్డ ఆరకుండా చూసుకున్నారు, వాన నీళ్ళు పట్టి.

కానీ నా దగ్గరున్న మందు ఎక్కువ రోజులకి రాదు. టైప్ 1 వాళ్ళ శరీరంలో ఇన్సులిన్ తయారవదు. బయట నుంచి అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే కీటోన్లు పెరిగి ప్రాణం మీదకి వస్తుంది. మేం ఎప్పుడూ మందులు కొనే షాపు అన్నయ్యగారికి ఫోన్ కలిసింది. చార్జింగ్ అయిపోయే ముందు చెప్పగలిగింది మందు పేరు, ఇంటి గుర్తు, అంతే. మర్నాడు పాలప్యాకెట్ల పడవలో వచ్చిన కుర్రాళ్ళు కింద నుంచి "ఇన్సులిన్ ఎవరికండీ" అని అరిచారు. ఐస్ డబ్బాలో మందు, సూదులు, స్ట్రిప్స్ అన్నీ ఉన్నాయి. ఐసుకి తగిలి గడ్డకడితే మందు పనికిరాదని తెలిసి, ఆయన వాటిని గుడ్డలో చుట్టి పంపారు. తర్వాత డబ్బులు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆ కుర్రాళ్ళు కృష్ణలంక నుంచి వచ్చామన్నారు. అంతకు మించి వాళ్ళ గురించి నాకేమీ తెలియదు. బాబూ, ఇది మీ కంట పడితే దయచేసి మా ఇంటికి ఒకసారి భోజనానికి రండి.

ఆ డబ్బా చేతిలో పట్టుకున్నప్పుడు నాకు కెనడాలోని టొరంటో గుర్తొచ్చింది. 1921లో అక్కడ బాంటింగ్, బెస్ట్ అనే పరిశోధకులు ఇన్సులిన్ వెలికితీశారు. 1922 జనవరిలో దాన్ని మొదటగా అందుకున్నవాడు లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ పిల్లవాడు. అంతకుముందు నాలాంటి పిల్లలు బతికేది చాలా కొద్దికాలం. కనిపెట్టిన వాళ్ళు పేటెంటుని ఒక్కో డాలరుకి విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. వాళ్ళెవరూ లేరిప్పుడు. అయినా ఈ పోస్టులో వాళ్ళకీ నమస్కారం చెప్పుకోవాలి.

నీళ్ళు తీశాక బురదలో నా పళ్ళెం దొరికింది. అంచు ఒకచోట వంగి, గరుకు తేలింది. అలాంటి అంచు కాలు కోస్తే నాకు ఏడాది ఆట పోయినట్టే. వన్‌టౌన్‌లో ఇత్తడి సామాన్లు బాగుచేసే తాతగారు దాన్ని సరిచేసి, ఆకురాయితో చుట్టూ నునుపు తేల్చి, తన బొటనవేలు అంచంతా తిప్పి చూసుకుని మరీ ఇచ్చారు.

గుంటూరులో మా అత్తయ్య గురించి రాయకపోతే నాకు తృప్తి ఉండదు. పెళ్ళికి ముందు మా వైపు ఏదీ దాచలేదు. విన్న సంబంధాలు చాలావరకు మళ్ళీ ఫోన్ చేయలేదు. అత్తయ్య ఒక్కరే "ఇన్సులిన్ తీసుకున్నాక ఎంతసేపట్లో అన్నం పెట్టాలి?" అని అడిగారు. ఈనాటికీ బ్రాడీపేట ఇంట్లో ఏ శుభకార్యమైనా, పంతులుగారు ఆలస్యం చేసినా, నా కంచం మాత్రం వేళకి వడ్డించి ఉంటుంది. మొదటి ఏడాది కార్తీక సోమవారం ఉపవాసం ఉంటానన్నాను. "నీ వంతు కూడా నేనుంటాను, నువ్వు దీపం పెట్టు" అన్నారు. అన్నమాట ప్రకారం ఏటా ఉంటున్నారు.

అమ్మ సంగతి ఎంత రాసినా చాలదు. సాయంత్రం బాగా ఆడిన రోజు కండరాలు ఖర్చుపెట్టిన చక్కెరని రాత్రంతా తిరిగి నింపుకుంటాయి, అందుకని అర్ధరాత్రి దాటాక షుగర్ పడిపోవచ్చు. సెన్సర్ లేని కాలంలో మా అమ్మే లేచి నా నుదురు తడిమి చెమట పట్టిందా అని చూసేది. పెళ్ళయ్యాక ఆ పని మా ఆయన తీసుకున్నారు. అమ్మని కాశీ తీసుకెళ్ళడం అయింది. గంగ ఒడ్డున ఆవిడ నా కోసం ఏం మొక్కుకుందో అడగలేదు.

చివరి పేజీలో మేడమ్ చేత్తో రాసింది ఒకటి మిగిలింది. గర్భానికి ముందే హెచ్‌బీఏ1సీ 6.5 కిందకి, అదీ షుగర్ మాటిమాటికీ పడిపోకుండా తేవాలన్నారు డాక్టరుగారు. కంటి రెటీనా కూడా ముందే చూపించుకోవాలట. వచ్చే మంగళవారం కంటి డాక్టరుగారి దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది, అత్తయ్య గుంటూరు నుంచి తోడు వస్తున్నారు.

సంక్రాంతి తర్వాత సింగ్‌నగర్‌లో చిన్నగా క్లాసు మొదలుపెడుతున్నాను. మీ ఇంట్లో, మీ వీధిలో టైప్ 1 ఉన్న పాపో బాబో ఆటలోకి వెళ్ళడానికి భయపడుతుంటే పంపండి. ఫీజు అక్కర్లేదు. పంచదార సీసా, గ్లూకోమీటరు నా దగ్గర ఉంటాయి.