వెనక స్పీకర్ల సంగతి

విజయనగరం

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం అందింది. కొత్త కారు ఇంటికి వచ్చిందని చదివి ఇంట్లో అందరం సంతోషించాం. అయితే స్పీకర్లు అమ్మే ఆయన వెనక సీటు వీపు వెనకాల ఉండే పార్సిల్ ట్రే మీద 6×9 అంగుళాల ఓవల్ స్పీకర్లు పెట్టించుకోమంటున్నాడని, వారంలోగా బిగించేస్తానన్నాడని రాసిన వాక్యం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ఆ పని నేను ఒకసారి చేసి, మూడు నెలలు భరించి, చివరకు విప్పించేశాను. కనుక నువ్వు బయానా ఇచ్చేలోగానే ఈ ఉత్తరం నీకు చేరాలని కూర్చుని రాస్తున్నాను.

నాదీ నీ కారు లాంటి హ్యాచ్‌బ్యాకే కదా. కొన్న కొత్తలో ముందు తలుపుల్లో కంపెనీ ఇచ్చిన స్పీకర్లను అలాగే ఉంచేసి, చేతిలో ఉన్న డబ్బంతా వెనక ట్రే మీది ఓవల్ జతకు పెట్టాను. దుకాణం ముందు నిలబడి విన్నప్పుడు ఆ మోతకు మురిసిపోయాను. తరువాతి ఆదివారం అమ్మను వెనక కూర్చోబెట్టుకుని సాలూరు వైపు బయలుదేరాక అసలు సంగతి తెలిసింది. పాడుతున్న మనిషి నా వీపు వెనక నిలబడి పాడుతున్నట్టుంది. ఆ స్పీకర్లు అమ్మ తలకు రెండు జానల దూరంలో ఉండడంతో, గజపతినగరం దాటేసరికి ఆవిడ "కాస్త తగ్గించు నాయనా, చెవులు దిమ్మెక్కిపోతున్నాయి" అంది. తగ్గిస్తే నాకు మాటలు తెలియవు, పెంచితే అమ్మ తట్టుకోలేదు. పైగా హ్యాచ్‌బ్యాక్‌లో ఆ ట్రే తాళ్లకు వేలాడే పలచని అట్టలాంటిది కాబట్టి, మృదంగం మోగినప్పుడల్లా ట్రే కూడా తన గొంతు కలిపేది. సెడాన్ కార్లలో వెనక రేకు గట్టిగా ఉంటుంది, కింద మూసి ఉన్న డిక్కీ స్పీకరుకు పెట్టెలా పనికొస్తుంది, కనుక అక్కడ ఓవల్ స్పీకర్లకు ఒక అర్థముంది. మన బండ్లలో ఆ రెండూ లేవు.

మన సంగీత కళాశాలలో కచేరీకి వెళ్ళినప్పుడు వయొలిన్ ఎదురుగా వేదిక మీద నుంచి వినిపిస్తుంది, వెనక నుంచి వచ్చేది హాలు గోడలు తిప్పి పంపిన నాదం మాత్రమే. కారులో కూడా అంతే ఉండాలని నా అభిప్రాయం. ముందు స్పీకర్లు వేదిక, వెనక స్పీకర్లు హాలు. దీనికి ఒక శాస్త్రీయమైన కారణం ఉంది. ఒకే ధ్వని రెండు చోట్ల నుంచి కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వచ్చినప్పుడు, మన చెవి ఆ రెంటినీ కలిపి ఒక్కటిగానే వింటుంది గానీ, దిక్కును మాత్రం ముందుగా చేరిన ధ్వనిని బట్టే నిర్ణయించుకుంటుంది. జర్మనీలో గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో హెల్ముట్ హాస్ 1949లో ఈ విషయాన్ని ప్రయోగాలతో చూపించాడు. ఆలస్యంగా వచ్చే ధ్వని కొంత బిగ్గరగా ఉన్నా సరే, చెవి ముందు వచ్చినదాని వైపే మొగ్గుతుందని కూడా ఆయన తేల్చాడు. ధ్వని ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని, మీ చెల్లెలి చేత టేపుతో కొలిపించాను. ఎడమ ముందు స్పీకరు నా తలకు 135 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, కుడి వెనక తలుపులోది 75 సెంటీమీటర్లలోనే ఉంది. అంటే వెనకది ఒకటిన్నర మిల్లీసెకనుకు పైగా ముందే నన్ను చేరుతోంది. ఆ పైన అది బిగ్గరగా కూడా ఉంటే పాట వెనక్కి జారిపోక ఏం చేస్తుంది?

అలాగని వెనక స్పీకర్లే వద్దనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఒంటరిగా తిరిగేవాడికి ఆ మాట చెల్లుతుంది. నువ్వు నెలకు రెండుసార్లు మీ అమ్మగారినీ నాన్నగారినీ అరసవల్లి, శ్రీకూర్మం తీసుకువెళతావు. ముందు తలుపుల్లోంచి వచ్చే సన్నని స్వరాలు సీట్ల వీపులకు తగిలి అక్కడే ఆగిపోతాయి కాబట్టి, వెనక స్పీకర్లు లేకపోతే వాళ్ళకు దరువు తప్ప మాట వినిపించదు. వాళ్ళ కోసమే వెనక స్పీకర్లు కొంటున్నామని మనసులో పెట్టుకుంటే, ఏవి కొనాలో సగం తేలిపోతుంది.

నీ దగ్గరున్న డబ్బులో మూడింట రెండు వంతులు ముందు తలుపులకే పెట్టు. అక్కడ ట్వీటరు, అంటే సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకరు, విడిగా ఉండే కాంపోనెంట్ జత తీసుకుని, ట్వీటర్లను అద్దాల మూలల్లో పెట్టించు. వెనక తలుపులకు అదే కంపెనీ, అదే వరుస (సిరీస్) లోని, ట్వీటరు మధ్యలోనే ఇమిడి ఉండే సాదా కోయాక్సియల్ జత చాలు. వరుస ఒకటే ఉండాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. ముందు పట్టు గుడ్డ ట్వీటరు, వెనక లోహపు ట్వీటరు అయితే గొంతు రంగే మారిపోతుంది. ఎక్కువ తక్కువలను ఫేడరుతో, అంటే మోతను ముందు వెనకల మధ్య పంచే మీటతో, సవరించుకోవచ్చు గానీ, గొంతు రంగును ఫేడరు మార్చలేదు. తరువాత పెట్టె మీద సెన్సిటివిటీ అంకె, అంటే ఇచ్చిన కరెంటుకు స్పీకరు ఎంత బిగ్గరగా మోగుతుందో చెప్పేది, చూడు. ముందువి 88 డెసిబెల్స్, వెనకవి 91 అయితే, ఒకే కరెంటుకు వెనకవి బిగ్గరగా మోగుతాయి, ముందువాటికి రెట్టింపు వాట్లు ఇస్తే గానీ సమం కావు. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. కొందరు ఆ అంకెను ఒక వాటుకు కొలిచి ఇస్తారు, కొందరు 2.83 వోల్టులకు కొలిచి ఇస్తారు. 4 ఓమ్‌ల స్పీకరులో 2.83 వోల్టులంటే రెండు వాట్లు, కనుక అదే స్పీకరు 3 డెసిబెల్స్ ఎక్కువగా కనిపిస్తుంది. రెండు పెట్టెల మీదా కొలత ఒకటేనని చూసుకున్నాకే పోల్చు.

స్టీరియో మీద 50 వాట్లు, నాలుగు ఛానెళ్ళు అని రాసి ఉంటుంది. అది క్షణకాలపు గరిష్ఠం. నిలకడగా ఒక్కో ఛానెలుకు వచ్చేది 15 నుంచి 20 వాట్ల మధ్యే. వెనక సీటుకు అది పుష్కలం, ఆంప్లిఫయరు కొనదలిస్తే ముందువాటికే కొను. తలుపుల్లో ఒక జత, ట్రే మీద మరో జత పెట్టి రెంటినీ ఒకే వైర్లకు కలిపేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు అలా పక్కపక్కన కలిస్తే 2 ఓమ్‌లు అవుతుంది, మామూలు స్టీరియో ఆ బరువు మోయలేక వేడెక్కుతుంది. డబ్బు ఇచ్చే ముందు వెనక తలుపు అద్దాన్ని పూర్తిగా కిందికి దించి, అద్దానికీ రేకుకూ మధ్య ఎంత లోతు ఉందో కొలిపించడం మరిచిపోకు. అయస్కాంతం అద్దానికి తగిలితే మంచి స్పీకరు కొనీ ప్రయోజనం లేదు. నువ్వుండేది సముద్రానికి దగ్గర, కళింగపట్నం గాలికి నా స్నేహితుడి బండిలో కనెక్టర్లు ఏడాదికే చిలుము పట్టాయి. అందుకని స్పీకరులో అదిరే గరాటులాంటి కోనుకు చుట్టూ ఫోము కాకుండా రబ్బరు అంచు ఉన్నవే తీసుకో, వైర్లను మెలి పెట్టి టేపు చుట్టకుండా టంకం వేయించు.

బిగించిన రోజు నువ్వు దగ్గరుండాలి. నా రెండో జతను బిగించిన కుర్రవాడు కుడి వెనక స్పీకరుకు ప్లస్, మైనస్ వైర్లు తిరగేసి కలిపాడు. చూడడానికి అన్నీ మోగుతూనే ఉన్నాయి, కానీ ఒక కోను ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి వెళ్ళడంతో బాస్ పరస్పరం కొట్టివేసుకుని, పాట పిప్పిలా వినిపించింది. పది రోజులు ఈక్వలైజరుతో కుస్తీ పట్టాక గానీ తప్పు ఎక్కడుందో నాకు తట్టలేదు. దీన్ని కనిపెట్టడం తేలిక. తలుపు అట్ట వేయకముందు, స్టీరియో నుంచి వైర్లు విడదీసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లును ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ ఒక్క క్షణం తాకిస్తే కోను బయటికి రావాలి. రెండు వైపులా అలాగే వస్తే సరే.

ఇక సమం చేసే పని. దీనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించు. రోడ్డు మీద కాదు, ఇంటి ముందు ఇంజను ఆపి, అద్దాలు ఎక్కించి చెయ్యాలి. ముందుగా బాస్, ట్రెబుల్, లౌడ్‌నెస్ అన్నీ సున్నాకు తెచ్చి, వెనక స్పీకర్లకు హై పాస్ ఫిల్టరును, అంటే లోతు ధ్వనిని ఆపి పై స్వరాలనే పంపే అమరికను, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టు. ఆ లోతు ధ్వని తరంగం నాలుగు మీటర్లకు పైగా పొడవుంటుంది కాబట్టి, అది ఎక్కడ నుంచి వస్తోందో చెవికి అంతగా పట్టదు, ఆ పని ముందువాటికో, లోతు ధ్వని కోసమే ఉండే సబ్ వూఫరుకో వదిలేస్తే చిన్న స్పీకర్లు తేలికగా మాట్లాడతాయి. పరీక్షకు మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత రికార్డు ఒకటి పెట్టు. ఆ కాలపు రికార్డింగులు ఒకే ఛానెలువి గనుక, వయొలిన్ అటూ ఇటూ చెదరకుండా ఒక్క చుక్కలో నిలబడాలి. ఎక్కడ నిలిచిందో కళ్ళు మూసుకుని వేలితో చూపించగలగాలి. ఫేడరును పూర్తిగా ముందుకు తోసి, బ్యాలెన్సుతో ఆ చుక్కను డ్యాష్‌బోర్డు మధ్యకు తీసుకురా. ఆ తరువాత ఫేడరును ఒక్కో గీత చొప్పున వెనక్కి జరుపుతూ పో. ఒక గీత దగ్గర వయొలిన్ డ్యాష్‌బోర్డును వదిలి నీ భుజం మీదికి వస్తుంది. అక్కడి నుంచి ఫేడరును రెండు గీతలు మళ్ళీ ముందుకు తెచ్చి ఆపెయ్యి. సరిగ్గా కుదిరిందా అని తెలుసుకోవడానికి నాకు తెలిసిన నమ్మకమైన గుర్తు ఒకటుంది. వెనకవి మోగుతున్నట్టు నీకు తెలియకూడదు, కానీ వాటిని ఆపేయగానే కారు ఇరుకైపోయినట్టు అనిపించాలి. నా బండిలో డ్రైవర్ సీటు దగ్గర ఫోనుతో కొలిస్తే వెనకవి ముందువాటి కంటే 4 డెసిబెల్స్ తక్కువ దగ్గర కుదిరాయి. ఫోను చూపే అంకె కచ్చితం కాకపోయినా, తేడాను పోల్చుకోవడానికి సరిపోతుంది.

నీ స్టీరియోలో టైమ్ అలైన్‌మెంట్ (ఒక్కో స్పీకరుకు విడిగా ఆలస్యం ఇచ్చే సదుపాయం) ఉంటే పని ఇంకా బాగా అవుతుంది. అన్నిటికన్నా దూరంగా ఉన్న స్పీకరును సున్నాగా పెట్టుకుని, మిగతావాటికి ఎంత దగ్గరైతే అంత ఆలస్యం, 34 సెంటీమీటర్లకు ఒక మిల్లీసెకను చొప్పున ఇవ్వు. వెనకవాటికి దాని మీద మరో అయిదారు మిల్లీసెకన్లు కలుపు. అప్పుడు ముందు ధ్వని తప్పకుండా ముందే చేరుతుంది, ఫేడరును ఒక గీత వెనక్కి జరిపినా వేదిక చెదరదు, వెనక సీటు వారికీ మాట ఇంకొంచెం స్పష్టమవుతుంది.

ఇదంతా అయ్యాక నువ్వు దిగి వెనక సీట్లో కూర్చుని, అదే రికార్డు మొదటి నుంచి విను. మీ నాన్నగారు కూర్చునే వైపే కూర్చో, ఆయనకు కుడి చెవి కాస్త మందమని చెప్పావు కదా. ఆయన మాట వినిపించడం లేదంటే వాల్యూము పెంచకు, ఫేడరును ఒక గీత వెనక్కి జరిపి, ఆ అమరికను స్టీరియోలో రెండో మెమరీగా దాచుకో. ఒక్కడివే వెళ్ళేటప్పుడు మొదటిది, ఇంటిల్లిపాదీ ఎక్కినప్పుడు రెండోది. మా ఇంట్లో ఈ రెండో మీటకు అమ్మ మీట అని పేరు.

వెనక తలుపు లోతు కొలత, రెండు పెట్టెల మీది సెన్సిటివిటీ అంకెలు నాకు రాసి పంపు. అవి చూసి జవాబు రాసేదాకా బయానా ఇవ్వకు. అమ్మగారికీ నాన్నగారికీ నా నమస్కారాలు, వదినగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు