పసుపు హెచ్చరిక నాడే ఆసుపత్రి కదలాలి

సంపాదకుడికి,

అయ్యా,

వడగాలుల హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ ప్రజలు ఏం చేయాలో పత్రికలు వివరంగా రాస్తున్నాయి. అదే హెచ్చరిక అందుకున్న వైద్య సిబ్బంది ఆ రోజు ఏం చేయాలన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. ఏళ్ల తరబడి వార్డుల్లో పనిచేస్తున్న నర్సుగా నేను చూస్తున్నది ఇదే: అప్రమత్తంగా ఉండమనే పసుపు రంగు హెచ్చరిక వస్తే వాతావరణ వార్తగా చదివి వదిలేస్తాం, అత్యంత తీవ్రమైన ఎరుపు వచ్చాక హడావిడిగా మంచాలు సిద్ధం చేస్తాం.

అప్పటికే ఆలస్యమైపోతుంది. వేడికి బలయ్యేవారిలో వడదెబ్బ పేరుతో మా దగ్గరికి వచ్చేవారు కొందరే. చాలామందికి అంతకుముందే ఉన్న గుండె, మూత్రపిండాలు, ఊపిరితిత్తుల జబ్బులు ముదిరి ప్రాణం మీదికి వస్తుంది. మరణ ధ్రువపత్రంలో ఎండ ఊసే ఉండదు. 2003 ఆగస్టు వడగాలులకు ఫ్రాన్స్‌లో సుమారు 15 వేల మంది చనిపోయారని తేలింది అదనపు మరణాలను, అంటే ఆ రోజుల్లో మామూలుగా ఉండే మరణాలకు మించినవాటిని, లెక్కగట్టాకే. వారిలో అత్యధికులు వృద్ధులు.

గుండె బలహీనపడిన ఒక పెద్దాయన సంగతి తీసుకోండి. ఒంట్లో నీరు చేరకుండా రోజూ మాత్ర వేసుకుంటారు. నీళ్లు కొలిచి తాగమని డాక్టరు చెప్పి ఉంటారు. హెచ్చరికేమో నీళ్లు ఎక్కువగా తాగమంటుంది. ఆయన ఎవరి మాట వినాలి? ఎక్కువ తాగితే ఆయాసం రావచ్చు. తక్కువ తాగుతూ అదే మోతాదు మాత్ర వేసుకుంటే రక్తపోటు పడిపోయి, లేచి నిలబడగానే కూలిపోవచ్చు. మాత్ర సొంతంగా మానేయడమూ ప్రమాదమే. బరువు, రక్తపోటు, మూత్రపిండాల పరీక్షలు చూసి దీన్ని తేల్చవలసింది ఆయన డాక్టరే, అదీ ఎండ ముదరకముందే. మానసిక వ్యాధికి లిథియం అనే మందు వాడేవారి విషయం ఇంకా సున్నితం. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు విషస్థాయికి చేరవచ్చు. మానసిక వ్యాధులకు వాడే మరికొన్ని మందులు చెమటను తగ్గిస్తాయి. ఇవన్నీ మాకు తెలియనివి కావు. పసుపు హెచ్చరిక చూడగానే ఈ రోగులు గుర్తుకు రావాలన్న అలవాటే మాకు లేదు.

వడదెబ్బ చికిత్సలోనూ లోపముంది. పారాసిటమాల్ ఇచ్చి ఎదురుచూడటం ఇప్పటికీ కనిపిస్తోంది. అది జ్వరం కాదు, ఆ మందుకు దిగదు. ఒంటిని వెంటనే చల్లబరచాలి, పెద్దాసుపత్రికి తరలించడం ఆ తర్వాతే.

ఇది చేయలేని పనేమీ కాదు. 2010 మే నెల వడగాలుల్లో 1,344 అదనపు మరణాలు చూసిన అహ్మదాబాద్, 2013లో దక్షిణాసియాలోనే తొలి వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చి, వైద్య సిబ్బంది శిక్షణను అందులో భాగం చేసింది.

ప్రతి ఆసుపత్రి ఎండాకాలానికి ముందే ముప్పున్న రోగుల జాబితా రాసిపెట్టుకోవాలి. పసుపు హెచ్చరిక రాగానే ఎవరికి ఎవరు ఫోను చేయాలో, ఎవరి మందులు ఏ డాక్టరు చూడాలో పేర్లతో సహా అందులో ఉండాలి. హెచ్చరిక పంపే శాఖ పగటి గరిష్ఠంతోపాటు రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతనూ మాకు తెలపాలి. రాత్రి కూడా చల్లబడకపోతే రోగి శరీరం తేరుకోదు, మరుసటి రోజు డ్యూటీకి ఎంతమంది కావాలో మేము నిర్ణయించుకోవలసింది ఆ అంకెను బట్టే.

ఇట్లు,
ఒక సీనియర్ నర్సు